సీ99లో మ్యాక్స్ మాక్రో: ఆర్గ్యుమెంట్ రెండుసార్లు లెక్క కాకుండా ఎలా?

ఎంబెడెడ్ ప్రాజెక్టు, సీ99 (సీ భాషకు 1999 నాటి ప్రమాణం). కోడ్ రెండు కంపైలర్లలో బిల్డ్ కావాలి: పీసీలో జీసీసీ, బోర్డుకు చిప్‌తో వచ్చిన పాత కంపైలర్.

రెండు విలువల్లో పెద్దదాన్నిచ్చే మ్యాక్స్ మాక్రోలో (కంపైల్‌కు ముందు కోడ్‌లో యథాతథంగా పరుచుకునే టెక్స్ట్) ప్రతి ఆర్గ్యుమెంట్‌కూ, మొత్తానికీ బ్రాకెట్లు పెట్టాను. అయినా బఫర్ ఇండెక్స్‌లో ఐ++ రాసి, దాన్ని పీక్ వేరియబుల్‌తో పోలిస్తే తేడా వస్తోంది. బఫర్ విలువ పెద్దదైనప్పుడు ఐ రెండు పెరుగుతుంది, చేతికొచ్చేది పోల్చిన బైటు కాదు, దాని పక్కది! బ్రాకెట్లు ప్రిసిడెన్స్ (ఏ ఆపరేటర్ ముందు అనే క్రమం) వరకే కాపాడతాయి మరి.

మాక్రోను డూ-వైల్ లూప్‌లో చుట్టడం కుదరదు, విలువ తిరిగి రావాలి. స్టేట్‌మెంట్ ఎక్స్‌ప్రెషన్ (విలువనిచ్చే కోడ్ బ్లాక్), టైపాఫ్ (విలువ టైపును తీసుకునేది) అనే జీసీసీ అదనపు సదుపాయాలతో రాస్తే జీసీసీలో నడిచింది. కానీ పెడాంటిక్ (ప్రమాణాన్ని కచ్చితంగా చూసే ఆప్షన్) ఆన్ చేస్తే వార్నింగ్, మ్యాక్స్‌లో మ్యాక్స్ పెడితే షాడో వార్నింగ్ (లోపలి పేరు బయటి అదే పేరును కప్పేస్తోందని). బోర్డు కంపైలరైతే సింటాక్స్ ఎర్రర్ అని మొత్తుకుంటోంది. టైపును బట్టి ఫంక్షన్‌ను ఎంచుకునే సీ11 జెనెరిక్ అందులో లేదు.

స్టాటిక్ ఇన్‌లైన్ ఫంక్షన్ శుభ్రంగానే ఉంది. కాకపోతే ఇంట్‌కొకటి, ఫ్లోట్‌కొకటి రాయాలి. పైగా గ్లోబల్ అరే సైజు దగ్గర కాన్‌స్టంట్ కావాలి కాబట్టి అక్కడ పనికిరాదు.

అరే సైజులకు మాక్రో, మిగతాచోట్ల టైపుకొక ఇన్‌లైన్ ఫంక్షన్ అని టీమ్‌లో రూల్ పెట్టుకోవడం తప్ప, అచ్చమైన సీ99లో రెండుచోట్లా పనిచేసే ఒకే మాక్రో రాసే దారి ఉందా?