టన్నుల టార్గెట్ తీసేస్తే సేల్స్ కుర్రాళ్లు పని చేస్తారా?

పెన్నా_గట్టు (నెల్లూరు): ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల మేత అమ్మే టీం నా కింద ఉంది. పైనుంచి వచ్చేది ఒకటే మాట, ఈ నెల ఇన్ని టన్నులు. నెలాఖరులో మావాళ్లు డీలర్ గోడౌన్లో బస్తాలు దించేసి అంకె చూపిస్తారు. సరుకు అక్కడే ఉంటుంది కాబట్టి వచ్చే నెల మొదట్లో అమ్మకమే ఉండదు. కొత్తవాళ్లకైనా టన్నులు పక్కన పెట్టి, చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసేందుకు గుంటలో దించే పళ్లెం) చూడటం, ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్య పెరగడానికి ఎన్ని కిలోల మేత పట్టిందో) లెక్క కట్టడం నేర్చుకోమందామంటే మా మేనేజర్ నవ్వాడు. మీరేమంటారు?

చీమకుర్తి_పాలిష్: నవ్వడా మరి! మా గ్రానైట్ పాలిషింగ్‌లో ఇన్ని చదరపు అడుగులు అని చెప్పని రోజు పని నత్తనడకే. మనవాళ్ల బద్ధకం అనుకోవద్దన్నా. అమెరికాలో ఓక్లహోమా దుంగల లారీల మీద లాథమ్, బాల్డెస్ అనే పరిశోధకులు 1975లో ఒక అధ్యయనం అచ్చేశారు. 'చేతనైనంత నింపండి' అన్నప్పుడు లారీలో పడింది చట్టం ఒప్పుకునే బరువులో సుమారు 60 శాతం. 94 శాతం నింపాలని కచ్చితంగా చెప్పాక 90 దాకా పోయింది. పైసా బోనస్ ఇవ్వలేదు.

ఒంగోలు_అక్క: లారీ నింపడం వాళ్లకు వచ్చిన పనే కదా తమ్ముడూ. పని రానివాడి చేతిలో అంకె పెడితే ఏమవుతుందని ఆయన అడుగుతున్నాడు.

నేను ట్రైనింగ్ వైపు ఉన్నాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా. కెరొల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో పిల్లల మీద పరిశోధన చేసి రెండు రకాల లక్ష్యాలు చెప్పింది. ఒకటి నాకు వచ్చని చూపించుకోవడం, రెండోది రానిది నేర్చుకోవడం. తర్వాతివాళ్లు మొదటిదాన్ని మళ్లీ రెండు చేశారు: నలుగురిలో మెప్పు పొందాలనేది, చేతకాదని బయటపడకూడదనేది. ఈ చివరిదే అసలు విషం. గుంటలో రొయ్యలకు వైట్ స్పాట్ జబ్బు అనుమానం ఉన్నా 'ఏం కాదు సార్, మేత వేయండి' అనేది ఆ భయంలో ఉన్న కుర్రాడే. సీనియర్‌కి ఫోన్ చేస్తే తనకు తెలియదని తేలిపోతుంది మరి. వాండివాల్, ఆయన తోటివాళ్లు 1999లో వైద్య సామగ్రి అమ్మే సేల్స్ వాళ్లను పరిశీలించారు. నేర్చుకోవాలనే ధోరణి ఉన్నవాళ్లకు అమ్మకాలు మెరుగ్గా ఉన్నాయి. చూపించుకోవాలనే ధోరణికీ అమ్మకాలకూ సంబంధం కనిపించలేదు.

కావలి_బైక్: మంత్ ఎండ్‌లో ఉన్నా. ఒకటో తారీఖు చదువుతా 😀

చీమకుర్తి_పాలిష్: బానే ఉందక్కా. నేర్చుకున్నందుకు ఇన్సెంటివ్ ఎవరిస్తారు? నేర్చుకో, నేర్చుకో అంటూ ట్రైనీ జీతంతోనే ఏడాది తిప్పే కంపెనీలు తక్కువా? టన్నుకి ఇంత అంటే కనీసం చేతికి డబ్బులొస్తాయి.

ఒంగోలు_అక్క: ఆ మోసం ఉంది, కాదనను. అందుకే జీతం తగ్గకూడదు, గడువూ ఉండాలి. నువ్వు చెప్పిన లాథమే తర్వాతి పరిశోధనల్లో, పని కొత్తదీ చిక్కుదీ అయితే ఫలితం అంకె కన్నా నేర్చుకునే లక్ష్యమే మేలని చూపించాడు. కాకపోతే అదీ కచ్చితంగా ఉండాలి. 'బాగా నేర్చుకో' అంటే 'చేతనైనంత నింపండి' అన్నట్టే. పెన్నాగట్టు గారూ, మీ కుర్రాళ్లకు ఇలా చెప్పి చూడండి: ఈ నెల నాలుగు గుంటల చెక్ ట్రే రికార్డు రాయాలి, ఏ రోజు మేత ఎందుకు తగ్గించమన్నావో రైతు ముందే చెప్పాలి. పని చేతికొచ్చాక టన్నులు అడగండి. పాత చేతులకు ఇప్పుడే అడగొచ్చు.

పెన్నా_గట్టు: మేత తగ్గించమని చెప్పడమే మా దగ్గర నేరం అక్కా! అయినా ఇద్దరు కొత్తవాళ్లతో మొదలుపెడతా. పంట చేతికొచ్చే దాకా టన్నులు అడగను.

చీమకుర్తి_పాలిష్: నువ్వు అడగవులే అన్నా. నీ మేనేజర్ టార్గెట్ టన్నుల్లోనే ఉంది కదా, ఆయన అడగడా? ముందు ఆ సంగతి తేల్చుకో.