ముందు నొప్పి తగ్గాలా, ముందు సిగరెట్ మానాలా?

రమణ_వరంగల్:
నాకు ఎల్4-ఎల్5 డిస్క్ సమస్య, అంటే నడుం దగ్గర వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు లాంటిది దెబ్బతింది. కాసేపు కూర్చుంటే నడుం పట్టేస్తుంది, నిలబడితే ఎడమ కాలు పిక్క దాకా లాగేస్తుంది. ఫ్యూజన్ ఆపరేషన్ (వెన్నుపూసలను ఒకదానికొకటి అతికించేది) చేయాలంటే ముందు సిగరెట్ పూర్తిగా మానేయాలని సర్జన్ గారు తేల్చి చెప్పారు. నొప్పి తట్టుకోలేనప్పుడు నాకున్న ఆసరా అదొక్కటే. ముందు నొప్పి తగ్గించండి, ఆ తర్వాత మానేస్తానంటున్నాను. ఇందులో తప్పేముంది? "మనసుంటే మార్గం ఉంటుంది" అనేవాళ్లు దయచేసి రాయకండి.

గుంటూరు_అక్క:
తప్పని అనను తమ్ముడూ. కానీ ఆ "తర్వాత" ఎప్పుడొస్తుంది? మా ఇంటాయనకు రుమటాయిడ్ కీళ్లవాతం. నొప్పి తగ్గాక మానేస్తానంటూ ఏళ్లు గడిపారు. ఆ వాతానికిచ్చే మెథోట్రెక్సేట్ మందు పొగ తాగేవాళ్లలో అంత బాగా పనిచేయదని డాక్టరు చెప్పేదాకా మాకు తెలియదు. ఇప్పుడు పొద్దున్నే చొక్కా గుండీలు నేను పెట్టాలి.

నిద్రలేని_రాత్రి:
రమణ గారి వైపే నేను. నాకు ఫైబ్రోమయాల్జియా, అంటే ఒళ్లంతా నొప్పులు వదలని జబ్బు. మానిన మొదటి వారం ఒళ్లంతా పచ్చి పుండులా అయింది, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయాను. "అన్నీ మీ అలవాటు వల్లే" అన్న డాక్టరు ఆ వారం ఎలా గడవాలో మాత్రం చెప్పలేదు. ఆసరా లాగేసి చేతిలో ఏమీ పెట్టకపోతే ఎవరు నిలబడతారు?

మందుల_షాపు:
ఫార్మసిస్టుని. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, కానీ "ముందు నొప్పి" అనే వరుసను నేను ఒప్పుకోను.

సిగరెట్‌లోని నికోటిన్ కాసేపు నొప్పిని తగ్గిస్తుంది, అది భ్రమ కాదు. అయితే రక్తంలో అది సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. చిరాకు, నరాల బిగువు మొదలై ఉన్న నొప్పి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. తర్వాతి సిగరెట్ తీర్చేది చాలావరకు ఆ లోటునే. పైగా డిస్క్ లోపలికి నేరుగా రక్తనాళాలు వెళ్లవు, పక్క ఎముక నుంచి ఊరే పోషణే దానికి తిండి. పొగ ఆ కాస్త రక్తప్రసరణనూ తగ్గిస్తుంది. ఫ్యూజన్ తర్వాత ఎముక అతుక్కోకపోవడం కూడా పొగ తాగేవాళ్లలోనే ఎక్కువ. సర్జన్ గారి పట్టుదల అందుకే.

మానిన మొదటి రెండు మూడు వారాలు కష్టమే. అందుకే మానే రోజుకు ముందే ఆ వారాలకు నొప్పి మందుల సంగతి డాక్టరుతో మాట్లాడుకోవాలి. సిగరెట్ బదులు వాడే నికోటిన్ గమ్ బబుల్‌గమ్‌లా నమలకూడదు. నాలుక చురుక్కుమనగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. దానికి కాస్త ముందు గానీ, నోట్లో ఉండగా గానీ టీ తాగితే సరిగా ఒంటికి పట్టదు. ఆపరేషన్ దగ్గరపడితే కొందరు సర్జన్లు గమ్ కూడా వద్దంటారు, ముందే అడగండి.

ఇంకో మాట. సిగరెట్ మానడానికి బుప్రోపియాన్ మాత్రలు రాస్తే, నొప్పికి ట్రమడాల్ వాడుతుంటే ఆ సంగతి దాచకండి. రెండూ కలిస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

రమణ_వరంగల్:
అన్నా, పగలు ఎలాగో నెట్టుకొస్తాను. రాత్రి రెండింటికి కాలు లాగుతూ మెలకువ వస్తుంది. ఇంట్లో అందరూ నిద్రలో ఉంటారు. ఆ టైంలో బాల్కనీలోకి వెళ్లకుండా ఏం చేయాలి?

నిద్రలేని_రాత్రి:
నేను రెండోసారి మానినప్పుడు వేడినీళ్ల సంచి, గమ్ మంచం పక్కనే పెట్టుకున్నాను. సిగరెట్లు మాత్రం ఇంట్లోనే లేకుండా చేశాను. నొప్పి పోలేదు. మానకముందు కంటే ఇప్పుడు నిద్ర మాత్రం నయం. అయినా ముందుగా ఎవరైనా చెప్పి ఉండాల్సిందన్న కోపం ఇంకా ఉంది.

మందుల_షాపు:
ఆ కోపం న్యాయమే. రమణ గారూ, సాయంత్రం టీ, కాఫీ తగ్గించండి. పొగ మానేశాక కెఫీన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, నిద్ర పట్టకపోవడానికి అదీ ఒక కారణం. సిగరెట్ పెట్టె మీదున్న 1800-11-2356 పొగాకు మానడానికి సాయం చేసే ఉచిత నంబరు, పగలు దానికి ఫోన్ చేసి మాట్లాడండి.

రమణ_వరంగల్:
నాకు నరాల నొప్పికి డులోక్సెటిన్ రాశారు. మానితే దానికేమైనా తేడా వస్తుందా?

మందుల_షాపు:
వస్తుంది. పొగ వల్ల లివర్ ఆ మందును త్వరగా ఖర్చు చేసేస్తుంది. మానాక అదే మోతాదు రక్తంలో ఎక్కువగా ఉంటుంది. మీ అంతట మీరు తగ్గించకండి. ఫలానా రోజు మానేస్తున్నానని ఆ మందు రాసిన డాక్టరుకు ముందే చెప్పండి.

రమణ_వరంగల్:
సోమవారం ఆయన దగ్గరికే వెళ్లాలి. తారీఖు అక్కడే ఖాయం చేసుకుంటాను. మొదటి మూడు వారాలకు నొప్పి మందు రాయకుండా లేవను.