ఆయాసం లేకున్నా ఇప్పుడే వాల్వ్ ఆపరేషన్ చేయించాలా?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం దగ్గర పల్లె. మా నాయనకు 56 ఏళ్లు. గుండె ఎడమవైపు పైగదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ రెక్క ఒకటి సాగిపోయి, రక్తం బాగా వెనక్కి లీకవుతోందని ఎకోలో (గుండె స్కాన్‌లో) తేలింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ లీకు రంగుల చారలా పైగదిలోకి ఎగజిమ్మడం స్క్రీన్ మీద నా కళ్లతో చూసినా. ఆ పొద్దు నుంచి నాకు నిద్ర లేదు.

ఆయనకేమో ఆయాసం లేదు, కాళ్ల వాపు లేదు. మొన్న కూడా ఎరువు మూటలు తానే దించినాడు. "బాగుండేవాణ్ణి పట్టుకొని ఎదురొమ్ము కోయిస్తావేంరా?" అంటాడు.

ఈఎఫ్, అంటే ఎడమ జఠరిక (గుండె ఎడమ కింది గది) తనలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు బయటికి నెట్టే భాగం, 61 శాతం. ఆ జఠరిక ముడుచుకున్నప్పటి అడ్డు కొలత 39 మిల్లీమీటర్లు. ఈఎఫ్ 60కి దిగినా, ఆ కొలత 40కి చేరినా ఇక ఆలస్యం చేయకూడదని డాక్టర్ చెప్పినారు. అంటే అంచు మీద ఉన్నాం. పైగా లీకున్నప్పుడు రక్తం సులువుగా వెనక్కి పోతుంది కాబట్టి ఈఎఫ్ ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుందంట, వాల్వ్ సరిచేసినాకే గుండె అసలు బలం తెలుస్తుందంట. నా భయమంతా అక్కడే. ముందు చూసిన డాక్టర్ "ఆయాసం వస్తే చూద్దాం" అని రెండేళ్లు ఎకో కూడా తీయించలేదు.

ఆయాసం రాకముందే రిపేర్ చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? నాలుగైదేళ్ల తర్వాత మీ ఈఎఫ్ ఎంతుంది? వాల్వ్ మార్చకుండా రిపేర్‌తోనే సరిపోయిందా? పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రిలో గుండె ఆపరేషన్లు ఉచితం, మాకు దగ్గర కూడా. అక్కడ చేయించుకున్నవాళ్లు ఎన్నాళ్లు ఆగాల్సి వచ్చిందో చెప్పండి. బుడ్డలు (వేరుశనగ) పీకేదాకా, ఇంకో మూడు నెలలు ఆగమంటున్నాడు నాయన. ఆగొచ్చా?