క్లబ్బు మీటింగుల్లో అతిథి ఉపన్యాసాలు ఆపేస్తే తప్పేంటి?

గట్టుమీద మనిషి:
మాది గోదావరి వైపు చిన్న ఊరు. అక్కడి సేవా క్లబ్బులో పదకొండేళ్లుగా సభ్యుణ్ణి. ఏ క్లబ్బని అడక్కండి, ఊళ్లో అందరికీ అందరూ తెలుసు. నెలకి రెండు మీటింగులు, రెండింటికీ ఓ అతిథి. శాలువా, మెమెంటో, బొకే, కారు కిరాయి, భోజనాలు. పోయిన నెల వచ్చినాయన విజయానికి ఏడు మెట్లు చెప్పాడు. మాలో సగంమంది అరవై దాటినవాళ్లం, మోకాళ్లు పట్టేసి మేడ మెట్లే ఎక్కలేకపోతున్నాం. ఆ ఖర్చేదో కంటి క్యాంపుకి పెడదామంటే బోర్డులో నన్ను శత్రువులా చూశారు. మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
శాలువా ఎంతకి కొంటున్నారు?

గట్టుమీద మనిషి:
నాలుగు వందలు.

లెక్కల మాస్టారు:
అక్కడే పోతోంది మీ డబ్బు. డజను లెక్కన హోల్‌సేల్లో తెస్తే సగానికి వస్తాయి.

పాత కార్యదర్శి:
గట్టుమీద మనిషి గారిదీ మాదీ ఒకటే క్లబ్బు. రాత చూస్తేనే తెలిసిపోయింది. అయ్యా, ఉపన్యాసం దండగ అనే ముందు కాస్త చరిత్ర చూడండి. లయన్స్ సంస్థ 1917లో మొదలైంది. 1925లో ఒహాయో రాష్ట్రం సీడార్ పాయింట్‌లో వాళ్ల మహాసభకి, చూపూ వినికిడీ లేని అమెరికా రచయిత్రి హెలెన్ కెల్లర్ అతిథిగా వచ్చారు. చూపులేనివాళ్ల తరఫున నిలబడమని అడిగారు. ఇవాళ లయన్స్ అనగానే జనానికి కంటి ఆపరేషన్లు గుర్తొస్తున్నాయంటే దాని మూలం ఆ ఉపన్యాసంలో ఉంది. మీరు ఆపమంటున్నది దాన్ని.

గోంగూర:
భోజనం బాగుంటే ఉపన్యాసం ఎవరు వింటారండీ.

గట్టుమీద మనిషి:
హెలెన్ కెల్లర్ వచ్చింది పని అడగడానికి. మన దగ్గరికి వచ్చేవాళ్లు ఏం అడుగుతున్నారు? మైకు సరిగా లేదంటారు, ఫొటో పంపమంటారు. రోటరీ వాళ్లు 1985లో పోలియో పని నెత్తికెత్తుకున్నారు. మన దేశంలో ఆఖరి కేసు 2011 జనవరిలో, హౌరాలో. వేదిక మీద మాట్లాడితే పోయిందా అది? ఇంటింటికీ తిరిగి పిల్లల నోట్లో చుక్కలు వేస్తే పోయింది.

పాత కార్యదర్శి:
తిరగడానికి మనుషులు కావాలి కదా! వాళ్లెక్కడి నుంచి వస్తారు? అతిథి వస్తే ముప్పైమంది హాజరు. ఊరికే లెక్కలు చూసుకునే మీటింగైతే తొమ్మిదిమంది. నాలుగేళ్లు హాజరు పుస్తకం రాసినవాణ్ణి, నాకు చెప్పకండి.

మందుల షాపు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. రెండేళ్ల కిందట మా అమ్మని ఓ క్యాంపుకి తీసుకెళ్లాను, మీ ఊరు కాదు. ఏడున్నరకే కంట్లో చుక్కలు వేసి షామియానా చివర కూర్చోబెట్టారు. ఆ చుక్కలు వేస్తే కంటిపాప పెద్దదవుతుంది, వెలుతురు పడితే గుచ్చుకుంటుంది. ముఖ్య అతిథి రాలేదని డాక్టర్ని వేదిక దించలేదు. అమ్మ కొంగు కళ్లకి కప్పుకుని రెండు గంటలు కూర్చుంది. ఆయన వచ్చి మానవసేవే మాధవసేవ అని మొదలెట్టాడు. చప్పట్లు కొట్టమన్నారు. కొంగు వదిలేసి కొట్టింది.

పాత కార్యదర్శి:
అమ్మగారి విషయంలో జరిగింది తప్పే. కానీ అది క్యాంపు ప్రారంభోత్సవం, మీటింగు ఉపన్యాసం వేరు. రెండూ కలపకండి.

మందుల షాపు:
కలిపింది నేను కాదండీ.

లెక్కల మాస్టారు:
శాలువా బదులు ఖాదీ కండువా వేస్తే ఇంకా తగ్గుతుంది. నేనడిగింది ఎవరూ పట్టించుకోవడం లేదు.

గట్టుమీద మనిషి:
హాజరు, హాజరు! ఆ ముప్పైమందిలో డిసెంబరు క్యాంపుకి ఎంతమంది వచ్చారు కార్యదర్శి గారూ? పేషెంట్లని చెయ్యి పట్టుకుని బస్సు ఎక్కించింది నేను, కాంపౌండరు, వంట మేస్త్రి. మీరు వచ్చింది బ్యానరు కట్టాక.

పాత కార్యదర్శి:
మాటలు తిన్నగా రానివ్వండి. ఆ బస్సుకి డీజిలు ఎవరు పోయించారో కూడా రాయండి. డబ్బిచ్చిన మిల్లు యజమానిని ఒప్పించింది ఎవరు? అతిథిగా పిలిచి దండ వేస్తేనే కదా ఆయన చెక్కు రాసింది! మీకు కోపం ఉపన్యాసాల మీద కాదు. మీరు చెప్పిన మనిషిని పిలవలేదని.

గట్టుమీద మనిషి:
అవును, అదే. ఇప్పటికైనా అన్నారు. మా వీధి ఆశా కార్యకర్తని పిలుద్దామన్నాను. ఆపరేషన్ అయ్యాక ఎవరింట్లో చుక్కల మందు అయిపోయిందో, ఎవరు మళ్లీ చూపించుకోవడానికి రాలేదో ఆవిడకి ఇంటి నంబరుతో సహా తెలుసు. బోర్డులో ఏమన్నారు? "మన వేదిక స్థాయి ఏంటి, ఆవిడేంటి." నవ్వారు కూడా. ఆ రోజే అనుకున్నాను, ఆవిడకి లేని కుర్చీ ఇంకెవరికీ వద్దని.

సుబ్బు వైజాగ్:
అబ్బో. అయితే ఇది ఖర్చు గొడవ కాదన్నమాట.

పాత కార్యదర్శి:
స్థాయి అన్నది నేను కాదు. వద్దన్నది మాత్రం నేనే. ఆ మీటింగుకి మిల్లు యజమాని వస్తున్నాడు. ఆయన ముందు ఆవిడ లేచి ఫలానావాళ్లకి కన్ను ఎర్రబడింది, ఎవరూ అడగలేదు అంటే వచ్చే ఏడు క్యాంపు ఉండేదా?

గట్టుమీద మనిషి:
ఎర్రబడిందని మీకు తెలుసన్నమాట.

పాత కార్యదర్శి:
ఇద్దరికి. నా ఖర్చుతో కాకినాడ పంపాను. అందరికీ చెప్పుకోలేదు.

గట్టుమీద మనిషి:
నాకైనా చెప్పాల్సింది. ఆ బస్సు ఎక్కించింది నేను.

మందుల షాపు:
వాళ్లిప్పుడు ఎలా ఉన్నారు?

పాత కార్యదర్శి:
ఒకాయనకి బాగుంది. ఆమెకి అంతంతమాత్రం.

గోంగూర:
వచ్చే మీటింగుకి అతిథి ఎవరు?

గట్టుమీద మనిషి:
ఒత్తిడి లేని జీవితం మీద ఎవరో మాట్లాడతారట. కార్డులు కొట్టేశారు.