ఒకే చోటు మిగిలితే థండర్‌బోల్ట్ నేర్పాలా, థండర్ నేర్పాలా?

చంపావతి, విజయనగరం:
పోకెమాన్ వీడియో ఆటలో ఒక్కో జీవికి నాలుగే మూవ్‌లు (దాడుల వంటి విద్యలు) కనుక విద్యుత్ దాడికి సాధారణంగా ఒక్క చోటే మిగులుతుంది. ఆదివారాలు మా మిత్రబృందం ఆడుకునే పోటీల్లో జాప్‌డాస్ అనే విద్యుత్ జీవికి థండర్ నేర్పినవారిని మిగతావారు జూదగాళ్లంటున్నారు. థండర్‌బోల్ట్ పవర్ 90, అక్యురసీ (గురి) నూటికి నూరు. థండర్ పవర్ 110, అక్యురసీ 70 మాత్రమే. ఏది మేలో కారణాలతో తెలియజేయగలరు.

జీడిపిక్క, పలాస:
ఇందులో చర్చకు తావెక్కడిది? 110లో 70 శాతం 77, అది 90 కన్నా తక్కువ. 2013లో ఎక్స్, వై ఆటలు రాకముందు ఈ పవర్‌లు 95, 120గా ఉండేవి. అప్పుడు కూడా థండర్ సగటు 84 దాటలేదు. పీపీ, అంటే మూవ్‌ను ఎన్నిసార్లు వాడవచ్చన్నది, చూసినా థండర్‌బోల్ట్‌కు 15, థండర్‌కు 10. వరుసగా రెండు థండర్‌లు తగిలే అవకాశం 49 శాతం. దీన్ని జూదమనక మరేమంటారు?

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం:
జీడిపిక్క గారి గుణకారంలో తప్పేమీ లేదు గానీ, 77 అనే దెబ్బ ఏ ఆటలోనూ ఎవరికీ తగలదు; థండర్ తగిలితే 110, తప్పితే సున్నా. కాబట్టి చూడవలసింది సగటును కాదు, ఎదుటి జీవి ఎన్ని దెబ్బలకు పడుతుందన్నది. గ్యారడోస్‌ది నీరు, ఎగిరే టైపుల కలయిక కనుక విద్యుత్ దాడి దానిపై నాలుగు రెట్లు పనిచేస్తుంది. థండర్‌బోల్ట్‌కే కూలేదాని మీద థండర్ ప్రయోగించడమంటే 30 శాతం అవకాశాన్ని ఊరకే ప్రత్యర్థి చేతిలో పెట్టడమే. రెండు మూవ్‌లకూ రెండేసి దెబ్బలు అవసరమైనచోట కూడా థండర్‌బోల్ట్‌దే పైచేయి.

అదే ముందే కొంత దెబ్బతిన్న మిలోటిక్ ఎదురైందనుకోండి. థండర్‌బోల్ట్ తిని కాస్త హెచ్‌పీ (ప్రాణశక్తి)తో బతికిపోతే, అది వెంటనే రికవర్ వాడి తన హెచ్‌పీలో సగం తిరిగి నింపుకుంటుంది. మీరు మళ్లీ కొడతారు, అది మళ్లీ నింపుకుంటుంది, పీపీ కరగడం తప్ప ఫలితం ఉండదు. ఆ టర్న్‌లోనే దాన్ని పడగొట్టే అవకాశం, క్రిటికల్ హిట్ (అరుదుగా తగిలే పెద్ద దెబ్బ) పడితే తప్ప, థండర్‌బోల్ట్‌కు లేదు. థండర్‌కు నూటికి 70 పాళ్లు ఉంది. అక్కడ థండర్‌బోల్ట్ వేసి ఎదురుచూడటమే జూదమని నా అభిప్రాయం. పైగా థండర్ తగిలితే పారలైజ్ చేసే అవకాశం 30 శాతం, థండర్‌బోల్ట్‌కు 10. గురి తప్పడాన్ని లెక్కలో వేసుకున్నా 21 మిగులుతుంది.

పైడితల్లి వీధి, విజయనగరం:
ఇంతమంది రాశారు, వాన మాట ఎవరూ ఎత్తలేదు! పిడుగుల సంగతి మన ఉత్తరాంధ్ర వాళ్లకు ఒకరు చెప్పాలా? వాన కురుస్తున్నంతసేపు థండర్‌కు గురి తప్పడమన్నదే ఉండదు. డ్రిజిల్ అనే సహజశక్తి ఉన్న పెలిప్పర్‌ను దించితే వాన దానంతటదే మొదలవుతుంది.

జీడిపిక్క, పలాస:
మొదలై ఐదు టర్న్‌లకే ఆగుతుంది. దానిచేత డ్యాంప్ రాక్ అనే వస్తువు పట్టిస్తే ఎనిమిది. పెలిప్పర్‌ను వెనక్కి పిలిచి జాప్‌డాస్‌ను దించేసరికి అందులోనూ ఒకటి ఖర్చయిపోతుంది. ఈలోగా ప్రత్యర్థి ఎండ కాయించాడా, మీ థండర్ గురి 50కి పడిపోతుంది. ఒక్క మూవ్ కోసం జట్టంతా మార్చుకునే బదులు థండర్‌బోల్ట్ పెట్టుకోవడం తెలివైన పని కాదా?

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం:
వాన మీరే కురిపించాలన్న నియమమేమీ లేదండీ. ప్రత్యర్థి పెలిప్పర్‌ను దించినా అది ఇద్దరికీ ఒకే వాన, మీ థండర్ కూడా తప్పకుండా తగులుతుంది. ఇక గాల్వాంట్యులాకు కాంపౌండ్ ఐస్ (Compound Eyes) అనే సహజశక్తి ఉంటే ఏ వాతావరణంతోనూ పనిలేకుండా థండర్ గురి 91కి చేరుతుంది, దానికి థండర్‌బోల్ట్ నేర్పేవారిని నేనింతవరకు చూడలేదు. ఇంతకీ చంపావతి గారూ, మీ బృందంలో ఎవరెవరు ఏం వాడుతున్నారో చెప్పనేలేదు. అది తెలియకుండా మేమెంత వాదించుకున్నా మీ జాప్‌డాస్‌కు ఒరిగేదేమీ లేదు.

చంపావతి, విజయనగరం:
మిలోటిక్ ఒక్కరి దగ్గరే ఉంది, వానజట్టు ఎవరికీ లేదు, గ్యారడోస్ మాత్రం దాదాపు అందరి దగ్గరా ఉంది. అందువల్ల జాప్‌డాస్‌కు థండర్‌బోల్ట్ నేర్పుతున్నాను. మిలోటిక్‌ను ఎదుర్కోవడానికి గాల్వాంట్యులాను పెంచడం మొదలుపెట్టాను. ఆ మిలోటిక్ గలవారు ఇది చదవరనే నమ్మకంతో ఇక్కడ రాస్తున్నాను.

పైడితల్లి వీధి, విజయనగరం:
చదివాను.