ఆమోసు 7:14: మేడిపండ్లు "ఏరుకొనువాడను" అనా, ఇంకేమైనానా?

నల్లరేగడి: బైబిల్లో ఆమోసు ప్రవక్త తన గురించి చెప్పుకున్న ఒక వాక్యం రెండు రోజులుగా వదలడం లేదు. "పసులకాపరినై మేడిపండ్లు..." తర్వాత "ఏరుకొనువాడను" అనే నా చెవిలో ఉంది. మా అమ్మ మాత్రం "కోయువాడను" అని గట్టిగా అంటోంది. ఆదివారం వాక్యం ఇదే చెప్పాలి. ఆ ఒక్క క్రియ తేల్చండి.

గూటిచిలక: ఏరుకొనువాడనే, అన్నా. కానీ హీబ్రూ మాట "బోలేస్" బైబిలు మొత్తంలో ఈ ఒక్కచోటే వస్తుంది. పోల్చి చూసుకోడానికి ఇంకో వాక్యం లేదు. పాత గ్రీకు అనువాదకులు "గీసేవాడు" అన్న అర్థం తీసుకున్నారు. ఆ కాయకి గాటు పెడితే త్వరగా పండుతుంది. ఇనుప గోళ్లతో గీస్తారని, నాలుగు రోజుల్లో పండుతుందని పాత గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ రాశాడు.

కాలవగట్టు: ఆమోసు చెప్పిన చెట్టూ, అంటే సువార్తలో యేసుని చూడ్డానికి జక్కయ్య ఎక్కినదీ, మన మేడీ ఒకటి కాదు, దగ్గరి చుట్టాలు. మనదానికీ కాయలు మానుకే గుత్తులుగా కాస్తాయి. చిన్నప్పుడు ఎర్రగా పండినదాన్ని గోరుతో చీలిస్తే రెక్కల పురుగులు వేలి మీదికి పాకేవి. ఆమోసు దేశంలో పురుగు ఎదిగేలోపే పండు చేతికి రావాలని ఆ గాటు.

చుక్కగుర్తు: పురుగు మాట వచ్చింది గనక, వేమన పద్యంలో మొదటి రెండు పాదాలే అందరికీ నోటికొచ్చు. మూడోది "పిరికివాని మదిని బింకమీలాగురా". అసలు గురి కపటం మీద కాదు, భయాన్ని కప్పుకునే బింకం మీద. అది అమజ్యాకి అతికినట్టు సరిపోతుంది. బేతేలు యాజకుడు, వెనక రాజు అండ ఉంది, అయినా ఒక కాపరి మాటకి బెదిరి "యూదాకి పారిపో, అచ్చటనే బత్తెము సంపాదించుకో" అంటాడు. హీబ్రూలో ఉన్నది "అక్కడ రొట్టె తిను" అనే. దానికి "బత్తెం" అన్న మాట పట్టుకున్న అనువాదకుడికి దండం పెట్టాలి.

గూటిచిలక: బత్తెం బాగుంది, ఒప్పుకుంటాను. వేమనని మాత్రం ఇక్కడికి తేవద్దండీ. మేడిపండు అనగానే మనకి పురుగు గుర్తొస్తుంది. ఆమోసు నోట అది తన చేతిపని, అంతే.

అక్షరగవ్వ: మీరంతా పండు దగ్గరే ఆగిపోయారు. చిక్కు అదే వాక్యం మొదట్లో ఆమోసు అన్న "ప్రవక్తనైనను కాను"లో ఉంది. హీబ్రూలో అక్కడ క్రియే లేదు, "లో నావీ అనోఖీ". ఇప్పుడు కాడా, పిలుపు రాకముందు కాడా? తర్వాతి వాక్యంలోనే యెహోవా "నీవు పోయి ప్రవచనము చెప్పుము" అని పంపాడు కదా! మన వ్యతిరేక రూపం పాత తెలుగులో మూడు కాలాలకూ చెల్లేది. కాబట్టి "కాను" ఆ సందిగ్ధాన్ని అలాగే నిలబెట్టింది. ఆ వెంటనే వచ్చే ప్రవక్త "శిష్యుడు" దగ్గర మాత్రం తేల్చేశారు. హీబ్రూలో అక్కడ ఉన్నది "ప్రవక్త కొడుకు".

నల్లరేగడి: ఇది ఎందుకు అడిగానో చెప్తాను. పగలు మిషన్ మీద బట్టలు కుడతాను, సాయంత్రం వాక్యం చెప్తాను. మొన్న ఒక పెద్దమనిషి "నువ్వు ఫుల్‌టైమ్ సేవకుడివి కాదు కదా" అన్నారు. గుచ్చుకుంది. అమజ్యా బత్తెం మాట ఎత్తితే ఆమోసు తన పని పేరు చెప్పి బదులిచ్చాడు. ఏరుకోవడం వేరు, గీయడం వేరు. గీయడానికి చేయి తిరగాలి. ఒక్కో కాయ పట్టుకుని చూడాలి. నాకు ఆ తేడా కావాలి.

కాలవగట్టు: తమ్ముడూ, మంచి చోట పట్టుకున్నావు. ఇంకోటి చూడు. ఆమోసు ఊరు తెకోవ కొండ ఎత్తున ఉంటుంది, ఆ చెట్లకి అంత చలి పడదు. మొదటి రాజులు 10:27లో అవి షెఫేలా అనే పల్లపు ప్రాంతంలో ఉన్నాయి. పని కోసం లోతట్టుకి దిగేవాడన్నమాట.

గూటిచిలక: కూలికే దిగాడని ఎందుకనుకోవాలి? ఆమోసు 1:1లో అతన్ని చెప్పిన మాట "నోకేద్", అంటే గొర్రెలు పెంచేవాడు. రెండో రాజులు 3:4లో మోయాబు రాజు మేషాకీ అదే. మందలున్న ఆసామి అయ్యుండొచ్చు.

అక్షరగవ్వ: కానీ 7:14లో "బోకేర్" ఉంది. అది పశువుల మాట. తర్వాతి వాక్యంలో మంద గొర్రెలది. బోకేర్, నోకేద్ హీబ్రూ లిపిలో చూడ్డానికి దగ్గరగా ఉంటాయి, రాతలో తారుమారై ఉండొచ్చని నా నమ్మకం. తెలుగులో రెండుచోట్లా "పసులకాపరి" కావడంతో ఈ తగువే కనబడదు.

నల్లరేగడి: ఇప్పుడే అమ్మకి మళ్లీ ఫోన్ చేశాను. "కోయువాడనే, నా బైబిల్లో ఉంది" అంటోంది.

చుక్కగుర్తు: ఆవిడ దగ్గరున్నది ఏ ముద్రణో మొదటి పేజీ ఫొటో పెట్టించు బాబూ.