కాంట్రాస్ట్ పెయింట్ ఎర్ర కోట్ల మీద మరకలు కడుతోంది

మాది అమలాపురం దగ్గర. 1758 చందుర్తి యుద్ధాన్ని చిన్న బొమ్మలతో చూపించడం కోసం 28 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ సైనికులకు రంగులు వేస్తున్నాను. తెల్ల కోట్ల ఫ్రెంచివాళ్లు బాగానే వచ్చారు. చిక్కంతా ఇంగ్లీషు కంపెనీ ఎర్ర కోట్లతోనే.

వాడుతున్నది కాంట్రాస్ట్ పెయింట్, అంటే ఒక్క పూతలోనే మడతల్లోకి దిగి నీడలు తెచ్చే పలచని రంగు. మడతల్లోకి చక్కగానే దిగుతోంది. కానీ వీపులాంటి చదును చోట్ల ఆరేసరికి నీటి మరకల్లా వలయాలు పడుతున్నాయి. పైగా మూడు గంటలైనా వేలికి అంటుకుంటోంది.

ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) మెరుపులేని తెలుపు స్ప్రే. సాయంత్రం డాబా మీద కొట్టాను, ముట్టుకుంటే సన్నగా గరుకు తగులుతోంది. ముసురు రోజులు, గదిలో తేమ 85 శాతం.

కాంట్రాస్ట్ మీడియం (ఈ రంగును పలచన చేసే రంగులేని ద్రవం) సగానికి సగం కలిపి చూశాను. మరక పలచబడింది గానీ ఎరుపు కాస్తా గులాబీ అయింది. నీళ్లు కలిపితే ఇంకా ఘోరం. హెయిర్ డ్రయర్ పెడితే రంగు అంచులకు తోసుకుపోయింది. ఏసీ గదిలో గంటకే ఆరింది, వలయాలు మాత్రం అలాగే ఉన్నాయి. పొరలు పొరలుగా మామూలు రంగు వేయొచ్చు, కానీ ఇంకా 60 బొమ్మలున్నాయి, అంత ఓపిక లేదు.

గరుకు ప్రైమరే దీనికి కారణమా, అంటే బ్రష్‌తో నునుపైన ప్రైమర్ వేసి మొదలుపెడితే ఈ వలయాలు పోతాయా?